చక్రంలోని సెన్సరు, దాన్ని పట్టి ఉంచే వాల్వు

కారు చక్రాల్లోని గాలి పీడనాన్ని ఎప్పటికప్పుడు కొలిచి, డ్రైవరు ఎదుట ఉండే మీటర్ల పలకపై చూపే ఏర్పాటును టైర్ ప్రెషర్ మానిటరింగ్ సిస్టమ్ అంటారు. కారు కొనేవారికీ, అమ్మేవారికీ, మరమ్మతు చేసేవారికీ ఇది టీపీఎంఎస్ అనే పొట్టి పేరుతోనే ఎక్కువ పరిచయం. దీని గురించి మాటలన్నీ సాధారణంగా ఎలక్ట్రానిక్ సెన్సరు చుట్టూ, దాని బ్యాటరీ చుట్టూ, అది పంపే రేడియో సంకేతం చుట్టూ తిరుగుతాయి. అయితే ఆ సెన్సరును రిమ్ముకు పట్టి ఉంచేవీ, దాని పక్కనుంచి గాలి బయటికి జారిపోకుండా ఆపేవీ వాల్వుకు చెందిన కొన్ని చిన్న వస్తువులు: ఒక రబ్బరు రింగు, ఒక లోహపు వాషరు, ఒక నట్టు, వాల్వు గొట్టం లోపల ఉండే పిన్ను, పైనుండే మూత. సెన్సరు ఏళ్ల తరబడి పనిచేసేలా తయారవుతుంది. ఈ చిన్న వస్తువులు మాత్రం కాలం గడిచేకొద్దీ పాడైపోయే సరుకు, టైరు విప్పిన ప్రతిసారీ మార్చవలసిన సరుకు. ఈ తేడా గుర్తించని కారణంగానే, నిక్షేపంగా ఉన్న సెన్సర్లు కూడా వాల్వు పాడై చెత్తబుట్ట పాలవుతున్నాయి. ఈ ప్రసంగం ఆ చిన్న వస్తువుల గురించే.

వాల్వు చరిత్ర సెన్సరు చరిత్ర కంటే చాలా పాతది. ఇవాళ ప్రపంచంలో దాదాపు ప్రతి కారు చక్రానికీ ఉండే వాల్వుకు ష్రేడర్ వాల్వు అని పేరు. జర్మనీ నుంచి వలస వెళ్లి న్యూయార్క్‌లో స్థిరపడిన ఆగస్ట్ ష్రేడర్ నుంచి దానికి ఆ పేరు వచ్చింది, 1893లో పేటెంటు లభించింది. గొట్టం లోపల మర మీద బిగిసే పిన్ను, ఆ పిన్నును పైకి నెట్టి ఉంచే స్ప్రింగు, కింద చిన్న రబ్బరు అడ్డు, ఇంతే దాని నిర్మాణం. లోపలి గాలి ఒత్తిడి, స్ప్రింగు బలం కలిసి ఆ అడ్డును మూసి ఉంచుతాయి. గాలి కొట్టే గొట్టం వచ్చి పిన్ను తలను నొక్కినప్పుడు మాత్రమే దారి తెరుచుకుంటుంది. నూరేళ్లకు పైగా ఈ వాల్వుకు గాలిని లోపలికి పంపడం, లోపలే ఆపడం తప్ప మరో బాధ్యత లేదు. ఒక ఎలక్ట్రానిక్ పరికరాన్ని భుజాన మోయవలసిన పని దానికి ఇటీవలి కాలంలోనే వచ్చిపడింది.

ఆ పని రావడానికి వెనక అమెరికాలో జరిగిన విషాదం ఉంది. 2000 ఆగస్టులో ఫైర్‌స్టోన్ సంస్థ 65 లక్షల టైర్లను వెనక్కి తీసుకుంటున్నట్టు ప్రకటించింది. ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ వాహనాలకు బిగించిన ఆ టైర్లు వేగంలో ఉండగా పై పొర ఊడిపోవడం, వాహనాలు పల్టీ కొట్టడం వల్ల 200 మందికి పైగా చనిపోయారు. టైరు తయారీ లోపం ఎంత, వాహనం రూపకల్పన ఎంత, తక్కువ గాలితో నడపడం ఎంత అనే వాదం రెండు సంస్థల మధ్య చాలాకాలం నడిచింది. గాలి తగ్గిన టైరు ఎక్కువగా వంగుతుంది, ఎక్కువగా వంగిన టైరు ఎక్కువగా వేడెక్కుతుంది, ఆ వేడికి లోపలి పొరల మధ్య పట్టు సడలుతుంది అన్నదానిలో మాత్రం ఎవరికీ భేదాభిప్రాయం లేదు. ఆ ఏడాది నవంబరులోనే ట్రెడ్ చట్టం అనే పేరుతో కొత్త చట్టం వచ్చింది. దాన్ని అనుసరించి రూపొందిన 138వ భద్రతా ప్రమాణం ప్రకారం, సిఫార్సు చేసిన పీడనం కంటే గాలి 25 శాతం తగ్గితే డ్రైవరును హెచ్చరించే ఏర్పాటు 2007 సెప్టెంబరు నుంచి తయారయ్యే తేలికపాటి వాహనాలన్నిటికీ తప్పనిసరి అయింది. ఐరోపా సమాఖ్యలో 2014 నవంబరు నుంచి అమ్ముడయ్యే కొత్త కార్లన్నిటికీ ఇదే నియమం వర్తించింది. భారతదేశంలో ఇది అన్ని కార్లకూ తప్పనిసరి కాకపోయినా, 2020లో కేంద్ర మోటారు వాహనాల నియమాలకు వచ్చిన సవరణ దీనికి కొత్త ప్రాముఖ్యం ఇచ్చింది. ట్యూబ్‌లెస్ టైర్లు, పంక్చరు మరమ్మతు కిట్టు, టీపీఎంఎస్ మూడూ ఉన్న కార్లు స్టెప్నీ లేకుండానే అమ్ముడుపోవడానికి ఆ సవరణ వీలు కల్పించింది.

ఈ హెచ్చరిక ఏర్పాటు రెండు రకాలు. మొదటిది పరోక్ష పద్ధతి. ఇందులో చక్రం లోపల ఏమీ ఉండదు, బ్రేకు వ్యవస్థలో ఇదివరకే ఉన్న వేగ సెన్సర్లు ఏ చక్రం మిగతా వాటికంటే వేగంగా తిరుగుతోందో గమనించి, గాలి తగ్గి దాని వ్యాసార్ధం చిన్నదైందని ఊహిస్తాయి. అలాంటి కార్లకు మామూలు రబ్బరు వాల్వే చాలు గనక ఈ ప్రసంగానికి వాటితో పనిలేదు. రెండోది ప్రత్యక్ష పద్ధతి. ఇందులో ప్రతి చక్రం లోపలా ఒక సెన్సరు ఉండి, పీడనాన్నీ ఉష్ణోగ్రతనూ నేరుగా కొలిచి రేడియో తరంగాల ద్వారా కారులోని రిసీవరుకు పంపుతుంది. మీటర్ల పలకపై నాలుగు చక్రాల అంకెలూ విడివిడిగా కనిపిస్తున్నాయంటే సాధారణంగా ఆ కారులో ఉన్నది ప్రత్యక్ష పద్ధతి అనుకోవచ్చు. ఉత్తర అమెరికాలో ఈ సెన్సర్లు ఎక్కువగా 315 మెగాహెర్ట్జ్ మీద, ఐరోపాలోనూ భారతదేశంలోనూ 433 మెగాహెర్ట్జ్ ప్రాంతంలోనూ పనిచేస్తాయి; అందువల్ల ఒక దేశపు కారుకు మరో దేశం నుంచి తెప్పించిన సెన్సరు చూడటానికి అచ్చం ఒకేలా ఉన్నా పలకకపోవచ్చు.

సెన్సరు అగ్గిపెట్టె కంటే చిన్నగా ఉండే ప్లాస్టిక్ డబ్బీ. దాని లోపల లిథియం బిళ్ల బ్యాటరీ, సర్క్యూటు కలిపి పోతపోసి మూసేస్తారు కాబట్టి బ్యాటరీని విడిగా మార్చడం కుదరదు. డబ్బీకి ఒక పక్క సూదిమొన దూరేంత చిన్న రంధ్రం ఉంటుంది. టైరులోని గాలి ఆ రంధ్రం గుండానే కొలిచే పలుచటి పొరను తాకుతుంది. ఈ డబ్బీ వాల్వు గొట్టం అడుగుకు ఒక మరతోనో, మరేదైనా బిగింపుతోనో అతుక్కుని టైరు లోపలి వైపు ఉంటుంది. రిమ్ముకు ఉన్న సుమారు 11 మిల్లీమీటర్ల రంధ్రంలోంచి గొట్టం మాత్రం బయటికి వస్తుంది. చూసేవారికి కనబడేది ఆ గొట్టమూ, దాని మూతే.

ఆ బిగింపు మీద పడే బలం ఎంతో లెక్క వేస్తేగాని ఈ చిన్న వస్తువుల విలువ అర్థం కాదు. 16 అంగుళాల రిమ్ము, నేల నుంచి ఇరుసు దాకా 31 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న ఒక మామూలు కారు చక్రాన్ని తీసుకుంటే, గంటకు 100 కిలోమీటర్ల వేగంలో అది సెకనుకు 14 సార్లకు పైగా తిరుగుతుంది. ఇరుసు నుంచి సుమారు 19 సెంటీమీటర్ల దూరంలో ఉన్న సెన్సరు ఆ తిరుగుడులో తన బరువుకు 150 రెట్ల బలంతో బయటివైపుకు లాగబడుతుంది. అంటే చేతిలో 30 గ్రాములు తూగే వస్తువు హైవే మీద నాలుగున్నర కిలోల బరువై వాల్వు అడుగు పట్టుకుని వేలాడుతుంది. కారు ఆగితే ఆ బరువు మాయమవుతుంది, కదిలితే తిరిగి వస్తుంది. ప్రయాణానికి ఒకసారి కాదు, ప్రతి సిగ్నలు దగ్గరా, ప్రతి స్పీడ్ బ్రేకరు దగ్గరా ఇదే జరుగుతుంది. దీనికి తోడు వేసవి మధ్యాహ్నం తారు రోడ్డు మీద తిరిగే చక్రం లోపలి వేడి, బ్రేకుల నుంచి రిమ్ముకు పాకే వేడి కూడా ఆ రబ్బరు రింగు మీదే పడతాయి.

సెన్సరును మోసే వాల్వులు ముఖ్యంగా రెండు విధాలుగా తయారవుతాయి. ఒకటి రబ్బరు వాల్వు. మధ్యలో ఇత్తడి గొట్టం, చుట్టూ మందపాటి రబ్బరు ఉండి, రిమ్ము రంధ్రంలోంచి బలంగా లాగితే టక్కున కూర్చుంటుంది. చూడటానికి మామూలు ట్యూబ్‌లెస్ వాల్వులాగే ఉన్నా, దీని ఇత్తడి అడుగు సెన్సరు మరను పట్టేలా చేసి ఉంటుంది కనుక, ఒకదాని బదులు మరొకటి వేయడానికి వీలులేదు. రెండోది లోహపు వాల్వు. గొట్టం అల్యూమినియంతో చేసి ఉంటుంది, రిమ్ము లోపలి వైపు రబ్బరు రింగు, బయటి వైపు వాషరు, నట్టు ఉండి, నట్టు బిగించినకొద్దీ రబ్బరు నలిగి రంధ్రం అంచులను మూసేస్తుంది. రబ్బరు వాల్వు విషయంలో మార్చడం సులువు; పాతదాన్ని కోసి తీసేసి కొత్తది లాగుతారు, సెన్సరు అలాగే ఉంటుంది. లోహపు వాల్వు దగ్గరే అజాగ్రత్త ఎక్కువగా జరుగుతుంది, ఎందుకంటే అది చూడటానికి చెక్కుచెదరకుండా కనిపిస్తుంది.

చెక్కుచెదరనిది పైనున్న లోహం మాత్రమే. లోపల రబ్బరు రింగు బిగించిన మొదటి రోజు నుంచే నట్టు ఒత్తిడికి తన ఆకారం మార్చుకోవడం మొదలుపెడుతుంది. ప్రెషర్ కుక్కరు గ్యాస్కెట్టు ఏళ్లు వాడాక పలచబడి, గట్టిపడి, సాగదీసినా వెనక్కి రాకుండా పోయినట్టే ఇదీ శాశ్వతంగా అణిగిపోతుంది. అణిగినా, ఎవరూ కదపనంతకాలం రిమ్ముతో ఏర్పడిన ఆ ఒప్పందం అలాగే నిలుస్తుంది. టైరు మార్చడానికి నట్టు విప్పి, అదే రింగుతో మళ్లీ బిగిస్తే మాత్రం పాత అచ్చు పాత చోట సరిగ్గా కూర్చోదు. గాలి ఒక్కసారిగా పోదు. వారానికి ఒకటి రెండు పీఎస్ఐ చొప్పున, ఎక్కడ పోతోందో అంతుపట్టకుండా పోతుంది. పీఎస్ఐ అంటే చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్ల ఒత్తిడి అని చెప్పే కొలత, పెట్రోలు బంకుల్లో గాలి యంత్రం చూపే అంకె అదే. ఇలా గాలి పోతున్న చక్రానికి పంక్చరు వెతికి, టైరును నీళ్లలో ముంచి, మేకు కనబడక, చివరికి రిమ్ము వంగిందని తీర్మానించే సందర్భాలు ఉంటాయి. తప్పు కొద్దిపాటి ఖరీదు చేసే ఒక రబ్బరు రింగుది.

రబ్బరుకు మరో శత్రువు ఓజోన్. గాలిలో అతి కొద్ది మోతాదులో ఉండే ఈ వాయువు వంగి, సాగి ఉన్న రబ్బరు మీద సన్నటి పగుళ్లు తెస్తుంది. 2008లో అమెరికా రహదారి భద్రతా సంస్థ విచారణకు వచ్చిన రబ్బరు వాల్వుల సంఖ్య కోట్లలో ఉంది. దిగుమతైన ఆ వాల్వుల రబ్బరు మొదలు దగ్గర పగిలి గాలి వదిలేయడమే ఆ విచారణకు కారణం. వాల్వును వేళ్లతో పక్కకు వంచి చూస్తే రిమ్ములోకి దూరే చోట ఇలాంటి పగుళ్లు కంటికే కనిపిస్తాయి. కనిపిస్తే ఇక ఆ వాల్వుతో ప్రయాణం చేయకూడదు.

అల్యూమినియం వాల్వును తినేసేది ఉప్పు. రెండు వేర్వేరు లోహాలు ఒకదాన్నొకటి తాకుతూ, వాటి మధ్య ఉప్పు కలిసిన తడి చేరితే, అక్కడ సహజంగానే చిన్న బ్యాటరీ లాంటి చర్య మొదలై, రెండు లోహాల్లో చురుకైనది కరిగిపోవడం ప్రారంభిస్తుంది. దీన్ని గాల్వానిక్ తుప్పు అంటారు. అల్యూమినియం, ఇత్తడి జతలో కరిగేది అల్యూమినియమే. అందుకే అల్యూమినియం వాల్వులో వేయవలసిన పిన్నుకు నికెల్ పూత ఉంటుంది. రెండు పిన్నులను అరచేతిలో పక్కపక్కన పెట్టి చూస్తే మామూలు ఇత్తడి పిన్ను పసుపుపచ్చగా, నికెల్ పూత పిన్ను వెండిలా తెల్లగా కనబడుతుంది. మర ఒక్కటే, పొడవు ఒక్కటే, కాబట్టి దుకాణంలో డబ్బాలోంచి చేతికి వచ్చిన పసుపు పిన్ను కూడా చక్కగా బిగుస్తుంది, ఆ రోజు గాలి కూడా పోదు. ఒకటి రెండేళ్లు గడిచాక పిన్ను చుట్టూ తెల్లటి పొడి పేరుకుని, రెండు లోహాలూ ఒక్కటైపోతాయి. ఆ తరవాత ఎవరైనా పిన్ను తిప్పబోతే గొట్టమే విరిగి చేతికి వస్తుంది, నిలిచిన కారు చక్రంలో గాలంతా క్షణాల్లో పోతుంది.

అమెరికాలో మంచు కురిసే రాష్ట్రాల్లో శీతకాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. మిషిగన్, ఒహాయో, ఇల్లినాయ్, న్యూజెర్సీ లాంటి చోట్ల స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ తెల్లటి పొడి కొత్తది కాదు. మొదటి తరం సెన్సర్లలో గొట్టమూ డబ్బీ ఒకే ముక్కగా ఉండటంతో, పాతికవంతు కూడా ఖరీదు చేయని వాల్వు తుప్పు పట్టినందుకు సెన్సరు మొత్తం మార్చవలసి వచ్చేది. తరవాత గొట్టాన్ని విడదీయగల సెన్సర్లు వచ్చాయి. రూపకల్పనలో ఇది చిన్న మార్పే గాని, వాహన యజమానికి చేసిన మేలు చాలా పెద్దది. కొత్త సెన్సరు కొనవలసి వచ్చినప్పుడు విడదీయగల రకాన్నే కోరడం మంచిది. తెలుగు రాష్ట్రాల్లో మంచు ఉప్పు లేకపోయినా, విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి తీరపట్టణాల్లో సముద్రపు గాలి మోసుకొచ్చే ఉప్పు తడి అదే పని నెమ్మదిగా చేస్తుంది. అక్కడ అల్యూమినియం వాల్వు ఉన్నవారు అలంకారం కోసం ఇత్తడి మూతలు, క్రోము మూతలు బిగించకుండా, లోపల రబ్బరు రింగు ఉన్న ప్లాస్టిక్ మూతలే వాడాలి. మూతకు అందం రెండో పని, పిన్ను మీదికి దుమ్మూ తడీ చేరకుండా ఆపడం మొదటి పని.

ఇక మార్చే పని ఎలా జరగాలో చెప్పుకోవాలి. ముందుగా పిన్ను తీసి గాలి పూర్తిగా వదిలేస్తారు. తరవాత టైరు అంచును, అంటే రిమ్మును కరుచుకుని ఉండే గట్టి వలయాన్ని, యంత్రంతో ఊడదీయాలి. పంక్చరు షాపులో సెన్సరు పగిలేది చాలావరకు ఈ దశలోనే. యంత్రపు పలుగు వాల్వు దగ్గర టైరును నొక్కితే దాని కిందున్న ప్లాస్టిక్ డబ్బీ నలిగిపోతుంది గనక, పలుగు ఎప్పుడూ వాల్వుకు ఎదురుగా, చక్రం అవతలి వైపు పడాలి. సెన్సరు ఉన్న చక్రమని పనివాడికి ముందే చెప్పడం యజమాని చేయదగిన మంచి పనుల్లో ఒకటి, ఎందుకంటే రబ్బరు వాల్వుకు సెన్సరు ఉందో లేదో బయటి నుంచి చూసి చెప్పడం అనుభవజ్ఞుడికి కూడా కష్టమే.

టైరు ఊడాక పాత నట్టు, వాషరు, రబ్బరు రింగు తీసేసి, రిమ్ము రంధ్రం అంచులను గుడ్డతో శుభ్రంగా తుడవాలి. అక్కడ తుప్పు గరుకు గాని, పాత రబ్బరు ముక్క గాని మిగిలితే కొత్త రింగు కూడా మూయలేదు. రంధ్రం అంచును గీకి రంగు లేపేయకూడదు, లేపితే ఆ చోటే కొత్త తుప్పుకు పుట్టినిల్లవుతుంది. ఆయా సెన్సరుకు సరిపడే కిట్టులో కొత్త రింగు, వాషరు, నట్టు, నికెల్ పిన్ను, మూత కలిపి వస్తాయి. రింగు ఆకారం ఒక్కో తయారీకి ఒక్కో రకంగా ఉంటుంది కాబట్టి ఒక కారు కిట్టు మరో కారుకు దగ్గరగా ఉందని సర్దుకోకూడదు. రబ్బరుకు గ్రీజు, ఇంజన్ ఆయిల్ పూయడం మరో తప్పు. పెట్రోలియం నూనెలు చాలా రకాల రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తాయి. రబ్బరు వాల్వు లాగేటప్పుడు టైర్లకు వాడే సబ్బు ద్రవం సరిపోతుంది.

నట్టు బిగింపు ఈ పనిలో అన్నిటికంటే సున్నితమైన ఘట్టం. బిగింపు బలాన్ని న్యూటన్ మీటర్లలో కొలుస్తారు. పది సెంటీమీటర్ల పాన చివర ఒక కిలో బరువు వేలాడదీస్తే కలిగే తిప్పుడు బలం దాదాపు ఒక న్యూటన్ మీటరు. కారు చక్రం నట్టులకు ఇది సుమారు 100 దాకా ఉంటే, సెన్సరు వాల్వు నట్టుకు తయారీదారును బట్టి చాలావరకు 4 నుంచి 8 లోపే ఉంటుంది. పిన్నుకైతే అర న్యూటన్ మీటరు కూడా అక్కర్లేదు. రోజంతా చక్రం నట్టులు బిగించే చేతికి ఈ తేడా అందదు. అందుకే నిర్ణీత బలం దగ్గర ఆగిపోయే చిన్న టార్క్ రెంచి లేని దుకాణంలో ఈ పని చేయించడం సరికాదు. ఎక్కువ బిగిస్తే రబ్బరు చీలుతుంది, లేదా అల్యూమినియం మర తెగుతుంది. తక్కువైతే గాలి పోతుంది. కొన్ని రకాల నట్టుల లోపల చిన్న ముడి ఉండి, బిగిస్తుండగా టక్‌మని తెగుతుంది. ఆ చప్పుడు విని బిగింపు అయిపోయిందని ఆగిపోతే నట్టు వదులుగానే మిగులుతుంది. చెప్పిన బలం వచ్చేదాకా కొనసాగించాలి.

గాలి నింపాక సబ్బునీళ్లతో మూడు చోట్ల చూడాలి: నట్టు చుట్టూ రిమ్ము దగ్గర, గొట్టం మొదలులో, పిన్ను నోటి దగ్గర. బుడగ కనిపిస్తే నట్టును ఇంకో పావు చుట్టు తిప్పి సరిపెట్టడం చాలామందికి అలవాటు. రింగు సరిగ్గా కూర్చోక గాలి పోతుంటే అదనపు బిగింపు దాన్ని మరింత చీలుస్తుందే గాని మూయదు. టైరు మళ్లీ విప్పి మరో కొత్త రింగు వేయడమే దానికి మార్గం. శ్రమ రెండింతలవుతుందని పనివాడు గొణిగినా, యజమాని ఈ ఒక్క విషయంలో పట్టు విడవకూడదు.

వాల్వు మాత్రమే మార్చి పాత సెన్సరునే ఉంచితే కారుకు కొత్తగా నేర్పవలసింది ఏమీ ఉండదు. సెన్సరు మార్చినప్పుడు మాత్రం, దానికి ప్రత్యేకంగా ఉండే గుర్తింపు సంఖ్యను కారు తెలుసుకోవాలి. కొన్ని కార్లు కొద్దిసేపు నడిపితే తామే పట్టుకుంటాయి, కొన్నిటికి మెనూలోంచి చెప్పాలి, మరికొన్నిటికి స్టీరింగు కింద ఉండే ప్లగ్గుకు యంత్రం తగిలించి సంఖ్య ఎక్కించాలి. ఆ పని పూర్తి కాకపోతే, గుర్రపు నాడా ఆకారంలో మధ్యన ఆశ్చర్యార్థకం ఉండే పసుపు దీపం ఇంజన్ వేయగానే దాదాపు నిమిషం పాటు మిణుకుమిణుకుమని, ఆ తరవాత స్థిరంగా వెలుగుతుంది. మొదటి నుంచీ స్థిరంగా వెలిగితే గాలి తగ్గిందని అర్థం, మిణుకుమని తరవాత నిలిస్తే ఏర్పాటులోనే లోపముందని అర్థం. ఈ తేడా తెలియక సెన్సరు పాడైన కారుకు గాలి మీద గాలి కొట్టించేవారు ఉన్నారు. చలికాలపు తెల్లవారుజామున దీపం వెలిగి, మధ్యాహ్నానికి ఆరిపోవడం మాత్రం లోపం కాదు; ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీల సెల్సియస్ తగ్గితే పీడనం సుమారు ఒక పీఎస్ఐ తగ్గుతుంది. హైదరాబాదులో మే నెల మధ్యాహ్నం సరిపెట్టిన గాలి డిసెంబరు ఉదయానికి, ఏ రంధ్రమూ లేకుండానే, నాలుగైదు పీఎస్ఐ తక్కువ చూపుతుంది.

స్టెప్నీ లేని కార్లతో పాటు వచ్చే పంక్చరు కిట్టులో సాధారణంగా ఒక ద్రవం సీసా ఉంటుంది. దాన్ని వాల్వు గుండానే టైరులోకి పంపుతారు. అది రంధ్రాన్ని పూడ్చడంతో పాటు వాల్వు పిన్నును, సెన్సరు మీది సూదిరంధ్రాన్ని కూడా పూడ్చగలదు. అత్యవసరంలో వాడటం తప్పుకాదు, కానీ వీలైనంత త్వరగా టైరు విప్పించి, ద్రవం కడిగించి, పిన్ను మార్పించాలి. బయటి నుంచి వాల్వు మీద మూతలా బిగించే సెన్సర్లు మరో సమస్య. పది గ్రాముల మూత సెన్సరు కూడా పైన చెప్పిన లెక్కనే హైవే వేగంలో కిలోన్నర దాకా లాగుతుంది. పాత రబ్బరు వాల్వుల కొన మీద ఆ బలం పడితే మొదలు దగ్గర పగుళ్లు తొందరగా వస్తాయి. అలాంటివి వాడదలచినవారు ముందుగా నాలుగు వాల్వులనూ కొత్తవి వేయించుకోవడం క్షేమం.

సెన్సరు బ్యాటరీ వాడకాన్ని బట్టి ఐదు నుంచి పదేళ్లు నడుస్తుంది. కారు ఏడెనిమిదేళ్లదై, టైర్లు కూడా మార్చవలసిన సమయం వచ్చినప్పుడు, కేవలం వాల్వు కిట్టు వేసి పాత సెన్సరును లోపలే మూసేయడం అంత తెలివైన పొదుపు కాదు, ఎందుకంటే టైరు విప్పే శ్రమ రెండో సారి మళ్లీ భరించాలి. అంతకంటే కొత్త సెన్సరైతే కిట్టు చాలు. అమెరికాలో ఉండేవారు గమనించవలసిన మరో సంగతి ఏమిటంటే, పనిచేస్తున్న సెన్సరును తీసి దాని స్థానంలో మామూలు రబ్బరు వాల్వు వేయడం అక్కడి మరమ్మతు దుకాణాలకు చట్టం నిషేధించిన పని. మంచు కోసం విడిగా రెండో జత చక్రాలు ఉంచుకునేవారు వాటికి కూడా సెన్సర్లు వేయించుకోవలసి ఉంటుంది, లేకుంటే శీతకాలమంతా ఆ దీపం ఆరదు.

స్టెప్నీ ఉన్న కార్లలో ఆ ఐదో చక్రానికి చాలావరకు సెన్సరు ఉండదు; దాన్ని వేసుకుని నడిపేటప్పుడు దీపం మిణుకుమని తరవాత నిలిచి వెలిగితే కంగారు పడనక్కర్లేదు. డిక్కీలో ఏళ్ల తరబడి కదలకుండా పడి ఉన్నా దాని రబ్బరు వాల్వుకూ వయసు మీదపడుతూనే ఉంటుంది. మిగతా నాలుగు చక్రాలకు కిట్టు వేయించే రోజునే దాని వాల్వు కూడా మార్పించి, కారు తయారీదారు చెప్పినంత గాలి నింపించి, మూత బిగించి లోపల పెట్టాలి.